రంజన్లో చెయ్యి పెట్టొద్దు

మా బడిలో నీళ్ళ రంజన్లు, అంటే పెద్ద మట్టి కుండలు, రెండు. ఒకటి గురూజీల గది ముందు ఉండేది. దానికి చెక్క మూత, మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు. రెండోది వరండా చివర, పిల్లలది. దాని మూత ఎప్పుడో పగిలింది. సొట్టలు పోయిన అల్యూమినియం గ్లాసు ఒకటి దారంతో కిటికీ చువ్వకు కట్టి ఉండేది. పొద్దున రంజను నిండుగా ఉన్నప్పుడు వేళ్ళు మాత్రమే తడిసేవి. పదకొండు దాటాక మణికట్టు దాకా, మధ్యాహ్నానికి మోచేతి దాకా లోపలికి పోతే గానీ గ్లాసు మునిగేది కాదు. మట్టిలో గోలీలాడిన చేతులే, ముక్కు తుడుచుకున్న చేతులే, ఎంగిలితో పలక తుడిచిన చేతులే. అందరం అవే నీళ్ళు తాగేవాళ్ళం. కడుపునొప్పి వస్తే దిష్టి తీసేవాళ్ళు.

మాది సిరొంచ తాలూకా. మహారాష్ట్ర మ్యాపులో కుడిచేతి వైపు కింది కొసన వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు గడ్చిరోలి జిల్లా. 1982లో జిల్లా విడిపోకముందు చంద్రపూర్‌లో ఉండేది, మా బాపు నోట ఇప్పటికీ ‘చాందా’యే వస్తుంది. ప్రాణహితకు ఇవతల మేము, అవతల అప్పట్లో ఆంధ్ర, ఇప్పుడు తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బడి జిల్లా పరిషత్‌ది, ఏడో తరగతి దాకా. మగ టీచరును గురూజీ అనాలి, ఆడ టీచరును బాయి అనాలి. ఒంటికి పోవాలంటే ఒక వేలు ఎత్తి ‘ఏకీ’ అనాలి, రెండుకైతే రెండు వేళ్ళెత్తి ‘దుకీ’. రెండు వేళ్ళు ఎత్తితే క్లాసంతా నవ్వేది, అందుకని చాలామంది ఒక వేలే ఎత్తి రెండు పనులూ చూసుకొని వచ్చేవాళ్ళు. పోవడానికి చోటంటూ ఏమీ లేదు. మగపిల్లలకు గోడ వెనక, ఆడపిల్లలకు తుమ్మచెట్ల అవతల.

ఆ రంజను నింపడం పెద్ద తరగతుల పని. బడి దగ్గర బోరింగు ఉండేది కానీ దాని నీళ్ళలో ఇనుము. కొట్టినప్పుడు తెల్లగానే పడేవి. బిందెలో గంటసేపు ఉంటే గాలి తగిలి పసుపు తిరిగేవి, మర్నాటికి అడుగున ఎర్రటి మడ్డి. ఆ నీళ్ళతో టీ పెడితే నల్లబడేది, అన్నం వండితే రంగు మారేది. అందుకే ఊళ్ళో తాగడానికి ఏటి నీళ్ళే.

ఎండాకాలం ప్రాణహిత ఒక పక్కకు పాయగా తగ్గిపోయి, మిగతాదంతా ఇసుకే. పొద్దున బడి అయ్యే రోజుల్లో ఆరింటికే బిందెలతో ఏటికి పోయేవాళ్ళం. చెలిమెలు తీయడం కూడా ఒక విద్యే. పశువులు దిగే రేవుకు, బట్టలుతికే బండలకు ఎగువన చోటు చూసుకోవాలి. చేతులతో మోకాలి లోతు ఇసుక తోడితే అడుగున నీళ్ళు ఊరతాయి. మొదట ఊరిన బురద నీళ్ళు చిప్పతో తోడి పారబోయాలి. మళ్ళీ ఊరనివ్వాలి, మళ్ళీ పారబోయాలి. గట్టు కూలకుండా చుట్టూ ఇసుక తట్టుకుంటూ ఉండాలి. అప్పుడు అడుగున ఇసుక రవ్వలు లెక్కపెట్టేంత తేటగా నీళ్ళు నిలుస్తాయి. చిప్ప ఇసుకకు తగలకుండా, అలికిడి లేకుండా పైపైన ముంచి బిందెలో పోసుకోవాలి. ఏటి ఇసుక మాకు పెద్ద ఫిల్టర్ అన్నమాట, ఆ మాట అప్పుడు తెలియదు గానీ. ఆ నీళ్ళ రుచి ఇప్పుడు నేను నెలకింత కట్టి తాగే క్యాను నీళ్ళకు లేదు. ఇది జ్ఞాపకం చేసే మాయ అంటారు మా ఆయన. అననివ్వండి.

వానాకాలం ఆ సుఖం లేదు. ఏరు ఒడ్డు కోసుకుంటూ ఎర్రగా వచ్చేది. అప్పుడు చిల్లగింజలు. అడవిలో దొరికేవే, ఇండుప గింజలంటారు కొందరు. గరుకు రాయి మీద కాసిని నీళ్ళు చల్లి గింజను అరగదీసి, ఆ గంధాన్ని కుండలో కలిపి వదిలేస్తే తెల్లారేసరికి మన్నంతా అడుగుకు దిగి పైన తేట నిలిచేది. మా బాపమ్మ ఏ కుండకు ఎంత అరగదీయాలో చూపుతోనే చెప్పేది. అయితే తేట నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు. మన్ను దిగినంత మాత్రాన రోగం దిగదు. శ్రావణం వచ్చిందంటే ఊళ్ళో ఏదో ఒక వాడలో వాంతులు, విరేచనాలు. పెద్దవాళ్ళు గత్తర (కలరా) అనే మాటను గొంతు తగ్గించి అనేవాళ్ళు. అప్పుడు గ్రామ పంచాయతీ మనిషి టీసీఎల్ డబ్బా పట్టుకొని బావుల వెంట తిరిగేవాడు. టీసీఎల్ అంటే బ్లీచింగ్ పౌడరే. మా దగ్గర ఎవరూ ఆ పేరు అనరు, ఇప్పటికీ టీసీఎల్లే.

బాపమ్మ సంగతి వచ్చింది గనక ఇంకో ముక్క. ఆమె ఎడమ మడమ పైన ముడతపడ్డ మచ్చ ఉండేది. నారి కురుపు. ఆమె పుట్టినూరు గోదావరి అవతల. ఊరందరికీ ఒకటే దిగుడు బావి, మెట్లు దిగి పాదాలు నీళ్ళలో పెట్టి బిందె ముంచుకునేవాళ్ళు. కురుపు ఉన్న కాలు నీళ్ళలో పడగానే లోపలి పురుగు తన పిల్లల్ని వదిలేది. వాటిని కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు మింగేవి. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కాలి చర్మం పొక్కి, సన్నటి తెల్ల పురుగు తల బయటపెట్టేది. లాగితే తెగుతుంది. తెగితే చీము పట్టి మనిషి మంచాన పడతాడు. పుల్లకు చుట్టి రోజుకింత తిప్పుకుంటూ వారాల తరబడి తీసేవాళ్ళట. సరిగ్గా నాట్ల సమయంలో. దీనికి మందూ లేదు, టీకా లేదు. గుడ్డతో వడగట్టుకొని తాగడం, దిగుడు బావుల మెట్లు మూసి చేదబావులు చేయడం, బోరింగులు వేయడం, పురుగు బయటపడ్డవాళ్ళను నీళ్ళలో దిగనీయకపోవడం, వీటితోనే పోయింది. మన దేశంలో చివరి మనిషికి 1996లో రాజస్థాన్‌లో వచ్చింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశానికి సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ ఏడు నేను నాలుగో తరగతి. బాపమ్మకు ఆ కబురు ఎవరూ చెప్పలేదు, ఆమె పోయేదాకా పాత పంచె నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టే నీళ్ళు పోసేది.

ఇంకో మాట, బోరింగు గురించి. మనమంతా కొట్టే ఆ గట్టి బోరింగు, ఇండియా మార్క్ టూ, దాని మూలాలు మా మహారాష్ట్రలోనే ఉన్నాయి. అంతకుముందు వచ్చిన పోత ఇనుము పంపులు ఒక ఇంటి వాడకానికి చేసినవి, ఊరంతా కొడితే విరిగిపోయేవి. జాల్నాలో, షోలాపూర్‌లో క్రైస్తవ మిషన్ల వాళ్ళు చేసుకున్న ఉక్కు పంపులను చూసి, యూనిసెఫ్ సాయంతో 1970లలో దీన్ని తయారుచేశారు. మా ఇనుప నీళ్ళకు దాని తప్పేమీ లేదు, భూమిలో ఉన్నదే అది తోడింది.

సరే, నాలుగో తరగతి. ఆ ఏడే మహారాష్ట్రంతా గాడ్గే బాబా పేరుతో గ్రామ స్వచ్ఛతా అభియాన్ మొదలైంది. అప్పటి గ్రామీణాభివృద్ధి మంత్రి ఆర్.ఆర్. పాటిల్ మొదలుపెట్టిన పోటీ అది. ఊళ్ళకు ముందు డబ్బు ఇవ్వరు, శుభ్రం చేసుకున్న ఊరికి బహుమానం ఇస్తారు. గాడ్గే బాబా ఫోటో ప్రతి బడిలో ఉంటుంది, చింకి బట్టలు, చేతిలో చీపురు. పగలు ఊరు ఊడ్చి రాత్రి కీర్తన చెప్పిన మనిషి, 1956లో పోయారు. ఆ పోటీలో మా ఊరు ఏమీ గెలవలేదు. తనిఖీ వాళ్ళు వస్తున్నారంటే ఊరంతా ముగ్గులు, వాళ్ళ జీపు పోగానే మళ్ళీ పేడకుప్పలు. కానీ ఆ ఏడే మా బడికి నాగపూర్ వైపు నుంచి బదిలీ మీద ఒక గురూజీ వచ్చారు. తెలుగు ముక్క రాదు. వచ్చిన వారానికి ‘నీళ్ళు’, ‘గోళ్ళు’, ‘చెయ్యి’ నేర్చుకున్నారు. ‘ళ్ళ’ బాగానే పలికేవారు, మరాఠీలోనూ ఉంది కదా.

ఆయన మొదటి పని పరిపాఠ్‌లో, అంటే పొద్దున అసెంబ్లీలో, గోళ్ళు చూడటం. ప్రార్థన, ప్రతిజ్ఞ, సువిచార్ అయ్యాక వరసలో చేతులు చాపి నిలబడాలి. ఆయన కొట్టరు. జేబులోంచి బ్లేడు తీసి అక్కడే కూర్చోబెట్టి తీసేసేవారు. గోటి కింది మట్టిలో నట్టల గుడ్లు ఉంటాయని, అవి నోట్లోకి పోతే మనం తిన్నదంతా అవి తింటాయని చెప్పేవారు. మేము దాన్ని కథలాగే విన్నాం. ఇప్పుడు బడుల్లో నట్టల మాత్ర ఇచ్చే రోజే ఉంది, ఫిబ్రవరి 10, 2015 నుంచి. అప్పుడు బ్లేడే దిక్కు.

రెండో పని రంజను. కొత్త మూత చేయించి, మూరెడు కాడ ఉన్న అల్యూమినియం ముంత ఒకటి తెచ్చారు. మరాఠీలో ఓగరాళే అంటారు. ముంత రంజన్లోకి, కాడ మన చేతికి. గ్లాసు బయట పట్టుకొని అందులో వంచుకోవాలి. "రంజన్లో చెయ్యి పెట్టొద్దు" అని తనకు వచ్చిన తెలుగులో గోడ మీద రాశారు, ‘పెట్టొద్దు’లో ఒత్తు ‘ట’ మరిచిపోయి. అది నేను ఏడో తరగతి దాటేదాకా అలాగే ఉంది.

ఇంతకీ ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అందరి చేతులూ ఆ రంజన్లోకి పోయేవి కాదు. మా తరగతిలో కొందరు పిల్లలు వరండా మెట్టు దగ్గర ఆగిపోయేవాళ్ళు. ఎవరో ఒకరు గ్లాసు ముంచి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాళ్ళు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా కారి లాగు తడిసేది. పోసేవాడికి విసుగొస్తే సగంలోనే గ్లాసు వదిలేసి ఆటకు పోయేవాడు. ఇది చేయాలని బడిలో ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. ఇంట్లో నేర్చుకొని వచ్చాం, అంతే. నీళ్ళు అన్నిసార్లు వడగట్టే మా బాపమ్మే, బడి నుంచి రాగానే "రంజన్ల ఎవలు ముంచిన్రు?" అని అడిగేది. ఆమె అడిగేది మురికి సంగతి కాదు.

గురూజీ దీని గురించి క్లాసు పీకలేదు. మార్చి 20న పరిపాఠ్‌లో మహాడ్ కథ చెప్పారు. 1927లో అంబేడ్కర్ వేల మందితో నడిచి పోయి చవదార్ చెరువులో దోసిలితో నీళ్ళు తాగడం. చెరువు మున్సిపాలిటీది, అందరూ తాగవచ్చని అప్పటికే తీర్మానం ఉంది, అయినా తాగనివ్వలేదు, తాగినందుకు కొట్టారు. పశువులు తాగొచ్చు, వీళ్ళు తాగకూడదా అని ఆయన మరాఠీలో అంటుంటే మెట్టు దగ్గర ఆగిపోయే పిల్లలు నేల చూస్తూ నిలబడ్డారు. ఆ తర్వాత కొన్ని రోజులకు పిల్లలతోనే మా బడి మంత్రిమండలం ఏర్పాటు చేశారు. ముఖ్యమంత్రి, ఆరోగ్య మంత్రి, స్వచ్ఛతా మంత్రి అలా. పానీ మంత్రి పదవి ఆ మెట్టు దగ్గర ఆగే పిల్లల్లో ఒక అమ్మాయికి ఇచ్చారు. ఓగరాళే ఆమె చేతిలో. తాగాలంటే గ్లాసు పట్టుకొని ఆమె ముందు వరసలో నిలబడాలి.

మొదటి రోజు వరస సగమైంది. కొందరు ఇంటికి పోయి తాగొచ్చారు. ఒకరి తండ్రి బడికి వచ్చి గురూజీతో చాలాసేపు మాట్లాడాడు, మాకు వినపడింది మాత్రం గురూజీ గొంతు, "ఎవరి చెయ్యీ నీళ్ళకు తగలట్లేదు కదా" అని నెమ్మదిగా. ఆ జవాబుకు అవతలివాళ్ళ దగ్గర మాట లేదు. ఎండ ముదిరింది. పన్నెండింటికి గొంతెండితే ఇల్లు దూరమనిపిస్తుంది, వరస మళ్ళీ నిండింది. ఆ అమ్మాయి మాకందరికీ ఒకే కొలత పోసేది, తనను సగంలో వదిలేసి ఆటకు పోయినవాడికి కూడా. వాడికి మాత్రం కొంచెం పైనుంచి పోసేది, చొక్కా తడిసేలా.

అలాగని అంతా మారిపోలేదు. తర్వాత రెండేళ్ళకు బడిలో ఖిచిడీ వండడం వచ్చింది. అంతకుముందు 1995 నుంచి నెలకు మూడు కిలోల బియ్యం ఇంటికిచ్చేవాళ్ళు, సుప్రీంకోర్టు వండి పెట్టమన్నాక పొయ్యి వెలిగింది. అప్పుడు ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలనేది మళ్ళీ కొత్తగా మొదలైంది. అది వేరే కథ, మరోసారి రాస్తా.

ఖిచిడీతో వచ్చిన మంచి ఒకటి, చేతులు కడగడం. అంతదాకా బడిలో తినేదే లేదు గనక కడిగే పనీ లేదు. ఇంట్లో బూడిద, ఏట్లో ఇసుక. గురూజీ ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు తెచ్చి, గట్టి దారంతో నాలుగు ముక్కలు కోసి, ఒక్కో తరగతికి ఒక్కో ముక్క ఇచ్చేవారు. మొదటి ముక్కను కాకి ఎత్తుకుపోయింది. సిరొంచ ప్రాంతం కాకులకు సబ్బంటే ఏం ప్రీతో నాకు తెలియదు. రెండోదీ పోయింది. అప్పుడు ఉల్లిగడ్డల సంచీ జాలీ కత్తిరించి, సబ్బు అందులో వేసి మూతి కట్టి, బోరింగు పక్క గుంజకు వేలాడదీశారు. జాలీ మీదనే చేతులు రుద్దాలి, నురగ బయటికొస్తుంది, సబ్బు లోపలే ఉంటుంది. ఇనుప నీళ్ళలో నురగ తక్కువగా వచ్చేది. ఒకడు బోరింగు కొడుతుంటే పదిమంది కడిగేవాళ్ళం. ఆ మురుగు నీళ్ళు నిలవకుండా ఒక కాలువ తీసి చివర అరటి పిలకలు నాటించారు. ఆ గెలలు మాత్రం ఏటా ఎవరో రాత్రికి రాత్రే కోసుకుపోయేవాళ్ళు.

ఇక సండాసు (మరుగుదొడ్డి) గోల. అభియాన్ రోజుల్లోనే బడికి రెండు గదుల సండాసు కట్టారు, ఒకటి ఆడపిల్లలకు, ఒకటి మగపిల్లలకు. గోడ మీద రంగుల్లో ఆడపిల్ల బొమ్మ, మగపిల్లాడి బొమ్మ. తాళం వేశారు. తాళంచెవి ఆఫీసులో. పైనుంచి ఎవరైనా వచ్చినప్పుడు తీసేవాళ్ళు, పిల్లలకిస్తే పాడుచేస్తారని. నేను ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తుమ్మచెట్లు సగం కొట్టేసి పొలం చేశారు. ఆడపిల్లలం నీళ్ళు తాగడం మానేశాం. పొద్దున ఒక గ్లాసు తాగితే మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయాకే. పానీ మంత్రి నీళ్ళు పోస్తానన్నా వద్దనేవాళ్ళం. మా అక్క ఏడో తరగతిలో మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికొచ్చేసేది, ‘తలనొప్పి’ అని. ఆ తలనొప్పి ఏమిటో అమ్మకు తెలుసు, బాపుకు చెప్పేది కాదు.

తలుపు తెరిపించింది కొత్తగా వచ్చిన బాయి. పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం దాకా ఉండే మనిషి ఆమె. మా ఇల్లు బడి పక్కనే గనక మా దొడ్డికి వచ్చేది. కొన్నాళ్ళు చూసి, ఒక రోజు ఆఫీసులోకి పోయి తాళంచెవి తీసుకొని తన పర్సులో వేసుకుంది. అంతే, ఆ తర్వాత అది ఆఫీసుకు తిరిగి పోలేదు. తలుపు తీశాక తెలిసింది అసలు కష్టం, లోపల నీళ్ళు లేవు. కట్టినవాళ్ళు కూర్చునే పాన్ పెట్టారు, గుంతలు తవ్వారు, నీళ్ళ తొట్టి మరిచారు. పాన్ ఏటవాలుగా ఉండేదే, లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు. కానీ ఆ రెండు లీటర్లు ఎవరో తేవాలి కదా. ప్రతి తరగతికి వంతులు వేసింది. మగపిల్లలు బోరింగు నుంచి బకెట్లు మోశారు. కడిగే వంతులో తన పేరు, గురూజీ పేరు కూడా రాసింది. గురూజీ చీపురు పట్టిన రోజు గుమిగూడి చూశాం. గాడ్గే బాబా ఫోటో కన్నా ఆ బొమ్మే నా తలలో నిలిచింది.

గుంతలు రెండు ఎందుకో కూడా ఆమే చెప్పింది. గోడకు సందులు వదిలి కట్టిన గుంతలు అవి, నీరు భూమిలోకి ఇంకుతుంది. ఒకటి నిండాక మధ్య చాంబర్‌లో దారి మళ్ళిస్తే రెండోది మొదలు. మొదటిది ఏడాదికి పైగా మూసి ఉంచితే వాసన లేని ఎరువవుతుంది. ఊళ్ళో చాలా ఇళ్ళలో లోతుగా ఒకటే గుంత తవ్వించుకున్నారు, నిండుతుందేమోనని భయంతో వాడటమే మానేశారు. లోతు తవ్వితే గొప్ప అనుకోవడం మనవాళ్ళ జబ్బు. భూగర్భజలం పైన ఉండే ఏటి ఒడ్డున లోతు గుంతంటే తాగే నీళ్ళలో కలుపుకోవడమే.

తర్వాత చట్టాలు వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టంలో ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు సండాసులు, మంచి నీళ్ళు తప్పనిసరి చేశారు. 2012లో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో అన్ని బడుల్లో కట్టి తీరాలంది. 2014లో ఎర్రకోట మీద నుంచి ప్రధాని అదే మాట అన్నారు. గదులు బాగానే లేచాయి. లెక్క రాసేవాళ్ళు గదులు లెక్కపెట్టారు, బకెట్లు లెక్కపెట్టలేదు అనేది నా ఫిర్యాదు. నీళ్ళూ, కడిగే మనిషీ లేని సండాసు గోదాముగా మారడానికి ఏడాది పట్టదు. చీపుర్లు, విరిగిన బెంచీలు, ఎన్నికల డబ్బాలు, నేను కళ్ళారా చూశాను.

2022 జూలైలో గోదావరి, ప్రాణహిత కలిసి పొంగినప్పుడు మా తాలూకాలో చాలా ఊళ్ళు ఖాళీ చేశారు. బడి గదుల్లో మోకాలి ఎత్తు ఒండ్రు. నీళ్ళు తీశాక నేను మంచిర్యాల నుంచి పోయాను. బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్ళు పారలతో బురద తీస్తున్నారు. పంచాయతీ కుర్రాడు బకెట్లో టీసీఎల్ పోసి కాసిని నీళ్ళతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్ళు పోసి కదిలించి పక్కన పెట్టాడు. సున్నం అడుగుకు దిగేదాకా ఆగి, పైతేట మాత్రమే బావిలో పోశాడు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు మామూలు లెక్క, వరద నీళ్ళకు ఎక్కువే పడుతుంది. గంట ఆగి ఓటీ పరీక్ష, నీళ్ళలో క్లోరిన్ మిగిలిందో లేదో చూసేది. చిన్న గొట్టంలో నీళ్ళు తీసి మందు చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి. రాలేదు. మళ్ళీ కలిపాడు. రెండోసారి వచ్చింది. మా చిన్నప్పుడు డబ్బా పట్టుకొని తిరిగే మనిషి గుప్పెడు నేరుగా బావిలో విసిరేసి పోయేవాడు, అందులో సగం అడుగున సున్నంగా పడి ఉండేది.

ఇప్పుడు మా చెల్లె కొడుకు అదే బడిలో రెండో తరగతి. నల్లా నీళ్ళు వచ్చాయి, టైల్సు వేసిన చేతులు కడిగే తొట్టి ఉంది, వరసగా ఐదు నల్లాలు. ఇత్తడివి పెడితే పోయాయని ప్లాస్టిక్‌వి పెట్టారు. తొట్టి కట్టినవాళ్ళు తమ నడుము ఎత్తు కొలుచుకొని కట్టినట్టున్నారు, ఒకటో తరగతి పిల్లలకు అందదు. వాడు ఫోన్లో, "పెద్దమ్మా, నేను ఇటుక మీద ఎక్కి కడుగుతా, ఇటుక నాదే, ఎవ్వలకియ్య" అన్నాడు. ఇటుక కోసం రోజూ కొట్లాటంట. శాల వ్యవస్థాపన సమితి (బడి కమిటీ) మీటింగులో మా చెల్లె లేచి, కింద ఇంకో రెండు నల్లాలు తక్కువ ఎత్తులో పెట్టమని అడిగింది. రిజిస్టర్‌లో రాసుకున్నారు. దీపావళి సెలవులయ్యాక మళ్ళీ మీటింగు ఉంది, ఈసారి టేపు పట్టుకొని పో, పిల్లల్ని నిలబెట్టి కొలిచి చూపించు అన్నాను.